మోకాలి ‘గుజ్జు’కు పీఆర్‌పీ ఇంజెక్షన్: తగ్గిందని రోగులు చెబుతున్న మాటను ఎలా అర్థం చేసుకోవాలి?

ఆపరేషన్ అక్కర్లేదు, కుట్లు ఉండవు, మీ రక్తమే మీకు మందు. మోకాళ్ల నొప్పులతో బాధపడేవారి ఫోన్లలో ఈ తరహా ప్రకటనలు తరచూ కనిపిస్తున్నాయి. విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్ లాంటి నగరాల్లోని ఎముకల క్లినిక్‌లలో ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా, అంటే పీఆర్‌పీ ఇంజెక్షన్ ఇప్పుడు మామూలు మాటైపోయింది.

నగరంలో ఉన్నవారికి ఇది గంటలో అయిపోయే పని. పాడేరు లాంటి చోట ఉన్నవారికి లెక్క వేరు. విశాఖకు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం, అందులోనూ ఘాట్ రోడ్డు. వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు అంటే ఘాట్ దిగి ఎక్కడం మూడుసార్లు. బస్సు ఛార్జీలు, తోడు వచ్చేవారి ఖర్చు, పోయే కూలి అన్నీ కలిపితే ఇంజెక్షన్ ధరకు మరో ధర తోడవుతుంది. మన్యంలో అమ్మానాన్నలు ఉండి, తాము నగరంలో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు ఈ నిర్ణయం తీసుకోవాల్సి వస్తే ఎవరిని నమ్మాలి? ఇంజెక్షన్ వేయించుకుని ‘నాకు తగ్గింది’ అంటున్న పక్కింటివారినా? ‘డబ్బు దండగ’ అంటున్న బంధువునా?

క్లుప్తంగా చెప్పాలంటే, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. పీఆర్‌పీ తర్వాత చాలామందికి నొప్పి తగ్గుతున్న మాట వాస్తవం. అయితే ఆ తగ్గుదల ప్లాస్మా వల్లే వచ్చిందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు ఒక రోగి అనుభవంలో దొరకదు. ఎందుకో చూద్దాం.

పీఆర్‌పీ అంటే ఏంటి?

రోగి చేతి నుంచి కొంత రక్తం తీస్తారు. దాన్ని సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో పెట్టి వేగంగా తిప్పుతారు. బరువైన ఎర్ర రక్తకణాలు అడుగుకు చేరతాయి. పైన పసుపు రంగులో ప్లాస్మా తేలుతుంది. అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని సిరంజిలోకి తీసుకుని కీలులోకి ఎక్కిస్తారు.

ఆరోగ్యవంతుల రక్తంలో ఒక మైక్రోలీటరుకు సుమారు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి. పీఆర్‌పీలో వాటిని కొన్ని రెట్లు చిక్కబరుస్తారు. దెబ్బ తగిలినప్పుడు రక్తం గడ్డకట్టేలా చేసేవి ఇవే. గాయం మానడానికి సాయపడే గ్రోత్ ఫ్యాక్టర్లు కూడా వీటి నుంచే విడుదలవుతాయి. వాటిని నేరుగా కీలులోకి పంపితే అక్కడి వాపు, నొప్పి తగ్గుతాయన్నది ఈ చికిత్స వెనకున్న ఆలోచన.

స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు రఫెల్ నాదల్ 2010లో మోకాళ్లకు ఈ చికిత్స చేయించుకున్నారు. అలాంటి వార్తలతో దీనికి ప్రపంచవ్యాప్తంగా పేరొచ్చింది. కానీ పాతికేళ్లలోపు ఆటగాడి స్నాయువు గాయం వేరు, అరవై ఏళ్ల వ్యక్తికి అరిగిన కీలు వేరు.

మోకాలిలో ఎముకల చివర్లను కప్పి ఉంచే మెత్తటి పొరను వైద్యులు మృదులాస్థి అంటారు. మనం వాడుకలో ‘గుజ్జు’ అంటాం. అది అరిగిపోవడమే ఆస్టియో ఆర్థరైటిస్. పీఆర్‌పీతో ఈ గుజ్జు మళ్లీ పెరుగుతుందని ఎవరైనా హామీ ఇస్తే దానికి గట్టి ఆధారం లేదని గుర్తుంచుకోవాలి.

రోగుల మాటల్లో ఏం వినిపిస్తుంది?

ఈ చికిత్స గురించి సాధారణంగా మూడు రకాల అభిప్రాయాలు వినిపిస్తాయి.

మొదటిది, సంతృప్తి. మెట్లు ఎక్కగలుగుతున్నామని, రాత్రిళ్లు నిద్ర పడుతోందని, రోజూ వేసుకునే నొప్పి మాత్రలు తగ్గాయని చెబుతారు.

రెండోది, సగం సంతృప్తి. కొన్ని నెలలు బాగుంది, ఆ తర్వాత నొప్పి మళ్లీ మొదలైంది అంటారు. ఇంకో ఇంజెక్షన్ వేయించుకోవాలా, ఇక్కడితో ఆపాలా అన్న సందేహంలో ఉంటారు.

మూడోది, నిరాశ. ఇంజెక్షన్ వేసిన రెండు మూడు రోజులు నొప్పి ఇంకా పెరిగిందని, తర్వాత ఎప్పటిలాగే ఉందని, వేల రూపాయలు పోయాయని అంటారు.

మొదటి రకం మాటలే ఎక్కువగా ప్రచారంలోకి వస్తాయి. క్లినిక్ వీడియోల్లో కనిపించేదీ వాళ్లే. ఫలితం లేనివారు మళ్లీ ఆ క్లినిక్‌కు వెళ్లరు, వీడియోలో మాట్లాడరు.

ఇంకో సంగతి. మోకాళ్ల అరుగుదల నొప్పి ఎప్పుడూ ఒకేలా ఉండదు. కొన్ని వారాలు ముదురుతుంది, కొన్ని వారాలు దానంతటదే నెమ్మదిస్తుంది. మనం వైద్యుడి దగ్గరకు వెళ్లేది నొప్పి బాగా ముదిరినప్పుడే. ఆ తర్వాత ఏ చికిత్స చేసినా, చేయకపోయినా చాలాసార్లు కొంత తగ్గుతుంది. దానికి తోడు ఇంజెక్షన్ వేశాక కొన్ని రోజులు విశ్రాంతి తీసుకుంటాం, బరువులు మోయం, చెప్పిన వ్యాయామం చేస్తాం. ఇవన్నీ కలిసి వచ్చిన మేలును మనసు ఇంజెక్షన్ ఖాతాలో వేస్తుంది.

ఉప్పునీటితోనూ నొప్పి తగ్గిందా?

ఈ చిక్కుముడి విప్పడానికే శాస్త్రవేత్తలు రోగులను రెండు బృందాలుగా చేసి పోల్చి చూస్తారు. ఒక బృందానికి అసలు మందు, రెండో బృందానికి మందు లేని ఇంజెక్షన్. ఎవరికి ఏది వేశారో రోగికి తెలియనివ్వరు.

పీఆర్‌పీపై ఇలాంటి పరిశోధనల్లో బాగా చర్చ జరిగింది ఆస్ట్రేలియాలో చేసిన ‘రిస్టోర్’ అధ్యయనం. దాని ఫలితాలు 2021 నవంబరులో ప్రఖ్యాత వైద్య పత్రిక ‘జామా’లో వచ్చాయి. మోకాలిలో తేలికపాటి నుంచి మధ్యస్థ స్థాయి అరుగుదల ఉన్న, 50 ఏళ్లు దాటిన 288 మంది అందులో పాల్గొన్నారు. సగం మందికి పీఆర్‌పీ, మిగతా సగం మందికి సెలైన్, అంటే ఉప్పునీరు, వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు ఇచ్చారు.

ఏడాది తర్వాత 0 నుంచి 10 వరకు ఉన్న నొప్పి కొలమానంపై పీఆర్‌పీ వేయించుకున్నవారికి సగటున 2.1 పాయింట్లు తగ్గింది. ఉప్పునీరు వేయించుకున్నవారికి 1.8 పాయింట్లు తగ్గింది. ఈ తేడాను పరిశోధకులు లెక్కలోకి తీసుకోదగ్గదిగా భావించలేదు. మృదులాస్థి పరిమాణం మొదటి బృందంలో 1.4 శాతం, రెండో బృందంలో 1.2 శాతం తగ్గింది. అంటే పీఆర్‌పీ గుజ్జును పెంచలేదు, అరుగుదలను ఆపనూ లేదు. ముందుగా నిర్ణయించుకున్న 31 ఇతర అంశాలను పరిశీలిస్తే 29 అంశాల్లో రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇక్కడ గమనించాల్సింది 1.8 అనే అంకె. ఉప్పునీరు ఎక్కించుకున్నవారు కూడా ఇంటికెళ్లి ‘నాకు తగ్గింది’ అనే చెప్పి ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. నొప్పి నిజంగానే తగ్గింది. తగ్గించింది మాత్రం ప్లాస్మా కాదు.

అదే ఏడాది నెదర్లాండ్స్ పరిశోధకులు చీలమండ కీలు అరిగిన 100 మందిపై ఇలాంటి పరీక్షే చేశారు. 26 వారాల తర్వాత అక్కడా పీఆర్‌పీకి, ఉత్తుత్తి ఇంజెక్షన్‌కు మధ్య పెద్దగా తేడా తేలలేదు.

మంచి ఫలితాలు చూపిన అధ్యయనాలు లేవా?

ఉన్నాయి. మన దేశంలోనే ఉంది. చండీగఢ్‌లోని పీజీఐఎంఈఆర్ వైద్యులు రెండు మోకాళ్లూ అరిగిన 78 మందిపై చేసిన అధ్యయనం 2013లో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్’లో వచ్చింది. ఒక బృందానికి ఒక పీఆర్‌పీ ఇంజెక్షన్, ఇంకో బృందానికి రెండు, మూడో బృందానికి ఉప్పునీరు ఇచ్చారు. ఆరు నెలల పాటు గమనిస్తే పీఆర్‌పీ పొందినవారికే మేలు ఎక్కువగా కనిపించింది. అయితే ఆరో నెల వచ్చేసరికి ఆ మేలు కొంత తగ్గుముఖం పట్టింది. మరో విశేషం, ఒక ఇంజెక్షన్ చేసిన పనికి రెండు ఇంజెక్షన్లు చేసిన పనికి పెద్ద తేడా లేదు. ‘ఎన్ని ఎక్కువ వేయించుకుంటే అంత మంచిది’ అనే ప్యాకేజీల గురించి వింటున్నప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

వైద్య సంఘాల మార్గదర్శకాలు కూడా ఒకే మాట మీద లేవు. మోకాలు, తుంటి అరుగుదలకు పీఆర్‌పీ వద్దని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాల్లో గట్టిగానే చెప్పింది. తయారీకి ఒక ప్రమాణం లేకపోవడాన్ని ప్రధాన కారణంగా చూపింది. అమెరికన్ ఎముకల సర్జన్ల అకాడమీ మాత్రం 2021లో, నొప్పి తగ్గించడానికి ఉపయోగపడొచ్చని, కానీ ఆధారాలు పరిమితమని పేర్కొంది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2019లో, భద్రత విషయంలో పెద్ద ఆందోళనలు లేకపోయినా ప్రయోజనంపై ఆధారాల నాణ్యత పరిమితమని, ప్రత్యేక పర్యవేక్షణ ఉన్నచోటే చేయాలని చెప్పింది.

ఎందుకింత తేడా?

పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర పాడేరులో కొన్నా ప్యారిస్‌లో కొన్నా అందులో మందు అంతే ఉంటుంది. పీఆర్‌పీ అలా కాదు. ముడిసరుకు రోగి రక్తమే. ఒకరి రక్తంలో ప్లేట్‌లెట్లు రెండు లక్షలుంటే ఇంకొకరికి నాలుగు లక్షలు ఉండొచ్చు. ఎంత రక్తం తీశారు, యంత్రాన్ని ఎంత వేగంతో ఎన్నిసార్లు తిప్పారు, తెల్ల రక్తకణాలను ఉంచారా తీసేశారా అన్నదాన్ని బట్టి సిరంజిలోకి వచ్చేది మారిపోతుంది.

ఆస్ట్రేలియా అధ్యయనంపై వచ్చిన ప్రధాన విమర్శ కూడా ఇదే. అందులో వాడిన ప్లాస్మాలో ప్లేట్‌లెట్ల సాంద్రత తక్కువగా ఉందని పీఆర్‌పీని సమర్థించే వైద్యులు అంటారు. ఆ వాదన సరైనదే అనుకున్నా, రోగికి ఇంకో ప్రశ్న మిగులుతుంది. తాను వెళ్తున్న క్లినిక్‌లో తయారయ్యే ప్లాస్మాలో ఎన్ని ప్లేట్‌లెట్లు ఉంటున్నాయి? లెక్కపెట్టి చెప్పే క్లినిక్‌లో ఆ అంకె అడిగి రాసుకోవచ్చు. చెప్పలేమంటే, ఏ మోతాదుకు డబ్బు కడుతున్నామో తెలియకుండానే కడుతున్నామని అర్థం.

మన్యంలో ముందు అడగాల్సిన ప్రశ్న వేరు

కొండ వాలుపై కాఫీ తోటల్లో, పోడు భూముల్లో పని, నెత్తిన బరువుతో ఎక్కడం దిగడం మోకాళ్లపై భారం వేసే పనులే. కాబట్టి నొప్పి అనగానే అరుగుదల అనుకోవడం సహజం. కానీ అన్ని కీళ్ల నొప్పులూ అరుగుదల కావు. పీఆర్‌పీ గురించి ఆలోచించే ముందు నొప్పికి కారణం తేలాలి.

గిరిజన ప్రాంతాల్లో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది సికిల్ సెల్ వ్యాధి. ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్త వ్యాధి. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. ఎముకలు, కీళ్లలో తీవ్రమైన నొప్పి వస్తుంది. తుంటి ఎముక తలభాగానికి రక్తం అందక అది దెబ్బతినే ప్రమాదమూ ఉంది. తుంటిలో సమస్య ఉన్నా కొందరికి నొప్పి మోకాలిలో తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్ పరిధిలోని 17 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు చేయడం దాని లక్ష్యం. కాబట్టి ఇంట్లో వయసులో ఉన్నవారికి తరచూ కీళ్ల నొప్పులు, రక్తహీనత, కళ్లు పచ్చబడటం కనిపిస్తే మొదట చేయించాల్సింది ఈ రక్తపరీక్ష.

కీలుకు క్షయ సోకినా, చీము పట్టినా, కీలువాతం, గౌట్ ఉన్నా, చికున్‌గున్యా వచ్చి తగ్గినా కీళ్లు నొప్పి పెడతాయి. ఒక్కోదానికి ఒక్కో చికిత్స. ఇన్ఫెక్షన్ ఉన్న కీలులోకి పీఆర్‌పీ ఇస్తే ప్రమాదం. జ్వరంతో పాటు కీలు ఎర్రగా, వేడిగా వాచిపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మలేరియా, డెంగీ జ్వరాల్లో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. జ్వరం నుంచి అప్పుడే కోలుకున్నవారు, తీవ్ర రక్తహీనత ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న రక్తంతో చేసే పీఆర్‌పీకి అర్థం లేదు.

ప్రభుత్వ సేవల్లో ఎక్కడికి వెళ్లాలి?

మొదటి అడుగు దగ్గర్లోని పీహెచ్‌సీ. అక్కడి నుంచి పాడేరు ప్రభుత్వ ఆసుపత్రికి రిఫర్ చేస్తారు. పాడేరు ప్రభుత్వ వైద్య కళాశాలకు 2024లో 50 ఎంబీబీఎస్ సీట్లకు అనుమతి వచ్చింది. రక్తపరీక్ష, ఎక్స్‌రే లాంటి ప్రాథమిక పరీక్షలు ఘాట్ దిగకముందే చేయించుకుంటే, విశాఖకు వెళ్లాల్సిన అవసరం ఉందో లేదో తేలుతుంది. నిలబడి తీయించుకున్న మోకాలి ఎక్స్‌రే అరుగుదల స్థాయిని బాగా చూపిస్తుంది.

పెద్ద వైద్యం అవసరమైతే విశాఖలో 1923 నుంచి సేవలందిస్తున్న కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. మన్యం నుంచి వచ్చే రోగులకు దారి చూపడానికి కేజీహెచ్‌లో ఎస్టీ సెల్ ఉంది. రిఫరల్ చీటీ, ఆధార్, రేషన్ కార్డు, పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్లాలి. కొండ భాష తప్ప తెలుగు సరిగా రాని పెద్దలతో తప్పకుండా తెలుగు వచ్చిన ఒకరు వెళ్లాలి.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. ఇది జాబితాలో ఉన్న చికిత్సలకు మాత్రమే వర్తిస్తుంది. ‘కార్డు ఉంది కదా, అన్నీ ఉచితమే’ అనుకుని బయల్దేరకూడదు. ఏ చికిత్స చెప్పారో దాని పేరు రాయించుకుని 104కు ఫోన్ చేసి అడగాలి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ భారత్ కవరేజీని కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది.

కీలు పూర్తిగా అరిగిపోయిన దశలో పీఆర్‌పీ వల్ల ప్రయోజనం ఆశించడం కష్టం. అలాంటివారికి మోకీలు మార్పిడి శస్త్రచికిత్స గురించి వైద్యులు చెబుతారు. ఆ కృత్రిమ కీలుకు 2017 ఆగస్టులోనే కేంద్రం గరిష్ఠ ధర నిర్ణయించింది. పీఆర్‌పీకి అలాంటి పరిమితి లేదు. క్లినిక్ ఎంత చెబితే అంత. ఆపరేషన్‌ను తప్పించుకోవాలని ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ వేయించుకుంటూ చేతిలో ఉన్న డబ్బు అయిపోయాక ఆపరేషన్‌కే రావాల్సి వస్తే, నష్టం రెండింతలు.

ఖర్చు లేకుండా ముందు చేయగలిగినవి

మార్గదర్శకాలన్నీ దాదాపు ఏకాభిప్రాయంతో చెప్పేది వ్యాయామం గురించే. తొడ ముందు భాగంలోని కండరం గట్టిపడితే మోకాలిపై భారం తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి కాసేపు ఆపి దించడం లాంటి తేలిక కదలికలను ఫిజియోథెరపిస్టు ఒకసారి నేర్పితే ఇంట్లోనే చేసుకోవచ్చు. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది.

అధిక బరువు ఉన్నవారు ఒక కిలో తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలిపై పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని అమెరికాలో చేసిన అధ్యయనం ఒకటి తేల్చింది. నొప్పి ఉన్న కాలికి ఎదురు వైపు చేత్తో కర్ర పట్టుకోవడం, మోకాలిపై రాసుకునే నొప్పి జెల్ వాడటం కూడా వైద్యులు సూచించేవే.

ఒక హెచ్చరిక. అర్హత లేనివారి చేత కీలులోకి ఏ ఇంజెక్షనూ వేయించుకోవద్దు. శుభ్రత లోపిస్తే కీలు చీము పడుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వైద్యుడు వేసినా పదేపదే వద్దు. రెండేళ్లపాటు మూడు నెలలకోసారి స్టెరాయిడ్ ఇచ్చిన 140 మంది అధ్యయనంలో ఉప్పునీటి బృందంకంటే వారికే మృదులాస్థి ఎక్కువ అరిగిందని 2017లో తేలింది.

పీఆర్‌పీ వేయించుకోవాలనే అనుకుంటే?

మొదటి దశల్లో ఉన్నవారు, వ్యాయామం చేసి చూసినవారు, ఖర్చు భరించగలిగినవారు అన్నీ తెలుసుకుని వేయించుకోవడంలో తప్పు లేదు. అప్పు చేసి మాత్రం వద్దు. ముందుగా ఈ ప్రశ్నలు అడగండి.

- నా ఎక్స్‌రే ప్రకారం అరుగుదల ఏ దశలో ఉంది? ఈ దశలో పీఆర్‌పీ ఉపయోగం ఎంత?
- నొప్పికి వేరే కారణం లేదని ఏ పరీక్షలతో నిర్ధారించారు?
- నా ప్లేట్‌లెట్ కౌంట్ ఎంత? తయారైన ప్లాస్మాలో ఎన్ని ఉంటాయి?
- మొత్తం ఎన్ని ఇంజెక్షన్లు, అన్నీ కలిపి ఎంత? మొదటిదానికి ఫలితం లేకపోతే మిగతావి ఆపుకోవచ్చా?
- ఇంజెక్షన్ తర్వాత జ్వరం, వాపు వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? పాడేరులోనే ఎవరికి చూపించుకోవాలి?

ఇంజెక్షన్‌కు ముందు, తర్వాత కొన్ని రోజులు కొన్ని రకాల నొప్పి మాత్రలు ఆపమంటారు. గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడేవారు మాత్రం గుండె వైద్యుడిని అడగకుండా దాన్ని ఆపకూడదు. ఇది స్టెమ్ సెల్ చికిత్స అని ఎవరైనా చెబితే నమ్మవద్దు, రెండూ ఒకటి కావు. ఇంజెక్షన్ అయ్యాక వెంటనే బరువు పనులకు వెళ్లకూడదు. కాఫీ పండ్లు కోసే రోజుల్లో తేదీ పెట్టుకుంటే విశ్రాంతి కుదరదు.

మరో పని కూడా చేయండి. ఇంజెక్షన్‌కు ముందే ఒక కాగితంపై నొప్పికి 10కి ఎన్ని మార్కులో, ఆగకుండా ఎంత దూరం నడవగలుగుతున్నారో, వారానికి ఎన్ని నొప్పి మాత్రలు వేసుకుంటున్నారో రాసిపెట్టుకోండి. నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ రాయండి. మేలు ప్లాస్మాదా కాదా అన్నది ఆ కాగితం తేల్చదు. కానీ రెండో ఇంజెక్షన్‌కు డబ్బు కట్టాలా వద్దా అన్నప్పుడు, అస్పష్టమైన జ్ఞాపకం కంటే అది ఎక్కువ పనికొస్తుంది.

ఇక పక్కింటివారు ‘నాకు తగ్గింది’ అంటే సంతోషించండి. ఆ వెంటనే అడగండి: మీకు అరుగుదల ఏ దశలో ఉందన్నారు? ఇంజెక్షన్ వేసి ఎన్ని నెలలైంది? వ్యాయామం కూడా చేశారా? ఈ మూడింటికి జవాబు తెలిస్తే వాళ్ల అనుభవం మీకు ఎంతవరకు వర్తిస్తుందో అర్థమవుతుంది.